పాటక్క మళ్ళీ అడిగింది

పడవలు రేవుకు చేరాయంటే చాలు, ఒడ్డునున్న రేకుల షెడ్డుకు ప్రాణం లేచి వస్తుంది. తడి సిమెంటు నేల మీద ట్రేలు ఈడ్చే చప్పుడు, ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, తోపుడుబళ్ళ వాళ్ళ కేకలు. ఒకరి మాట ఒకరికి వినపడదు. అయినా ఒక్క గొంతు లేచిందంటే ఆ సంతంతా టక్కున ఆగిపోయేది. షెడ్డు మధ్య చెక్కబల్ల మీద నిలబడి చేపల వేలం పాడే ఆవిడ గొంతు అది. ఆవిడను అందరూ పాటక్క అంటారు. అసలు పేరు గుర్తున్నవాళ్ళు ఆ రేవులో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఆ వేలం మామూలు వేలం కాదు. కొనేవాడు నోరు విప్పి ధర పెంచడు. నోరు విప్పితే పక్కవాడికి తన అవసరం తెలిసిపోతుందని భయం. అందుకని ఒక్కొక్కడికి ఒక్కొక్క సైగ. ఒకడు చెవి తమ్మె పట్టుకుంటాడు, ఒకడు చొక్కా కాలరు సర్దుకుంటాడు, ఇంకొకడు కంటి అద్దాలు పైకి తోసుకుంటాడు. ఎవడి సైగ ఏమిటో వాడికీ పాటక్కకూ తప్ప మూడో మనిషికి తెలియదు. అన్ని సైగలూ తలలో పెట్టుకుని, పది వైపులకు చూపు తిప్పుతూ, ధర పెంచుకుంటూ పోయి, 'ఒకటోసారి, రెండోసారి, మూడోసారి' అని వంగి అరచేత్తో బల్లంచు చరిచి పేరు చెప్పేసేది. ఆ పేరు తప్పడం ఎవరూ ఎరగరు.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. పాట పాడేవాళ్ళు మళ్ళీ అడగకూడదు. 'ఎవరు పెంచారు?' అని గాని, 'ఎంత దగ్గరున్నాం?' అని గాని నోటి నుంచి వచ్చిందో, పాట చెడినట్టే. పేరు తప్పినా అంతే. ఆ సరుకు పక్కన పెట్టి, పాడేవాళ్ళు బల్ల దిగిపోవాలి. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియదు. ఉందంటే ఉంది.

ఆ రోజు పాటక్క బల్ల దిగింది.

సరుకు పెద్ద సొరచేప. పాట జోరుగా సాగింది. మూడోసారి అని బల్ల చరిచి, "టోపీ, నీదే" అంది పాటక్క.

టోపీ అనేవాడు పీతలు తప్ప మరొకటి కొనడు. తన ముఖాన్ని తనే చూపించుకుని, "నాదా? నేను చెమట తుడుచుకున్నానక్కా. చెమటకు కూడా ధర కట్టేస్తావా? దీన్ని తీసుకెళ్ళి ఏం చేసుకోను, తొట్టెలో వేసి పెంచుకోనా?" అన్నాడు.

షెడ్డంతా ఘొల్లుమంది. నుదురు తుడుచుకోవడం ఐసు ఫ్యాక్టరీ పెద్దాయన సైగ. టోపీ సైగ టోపీ వెనక్కి తిప్పుకోవడం. పాటక్క ఈ రెంటినీ కలిపేసింది. నవ్వు ఆగేలోగా ఆవిడ బల్ల దిగి, చెప్పులు వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది. చెప్పుల్లో ఒకటి ఎవరిదో.

కాటా పక్కన నిలబడ్డ తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. షెడ్డు అక్కాతమ్ముళ్ళిద్దరిదీ. ఆవిడ పాడుతుంది, ఇతను తూస్తాడు. ప్రతిదీ తూచి మాట్లాడతాడని ఇతనికి 'కాటా' అనే పేరు స్థిరపడిపోయింది. ఇంటికి కూరగాయలు తెచ్చినా చేత్తో ఓసారి ఎగరేసి తూకం చూసుకోనిదే సంచిలో వెయ్యడు. మనుషుల విషయంలోనూ అంతే. వీడివల్ల లాభమెంత, నష్టమెంత అని ఒక చూపులో తేల్చేస్తాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ముల్లు ఎటు మొగ్గితే అటే నిజమని నమ్మే మనిషి.

అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఇతను ఏ లోటూ చెయ్యలేదు. ఆపరేషనుకు దగ్గరున్నాడు. ఆ తరవాత కీమో అని సెలైన్లో మందు ఎక్కించిన ప్రతిసారీ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వాంతులు చూశాడు, జుట్టు ఊడటం చూశాడు. అంతా అయ్యి, జుట్టు మళ్ళీ పొట్టిగా మొలిచి, డాక్టరు 'ఇక జబ్బు కనబడటం లేదు' అన్న రోజున, ఖాతా మూసేసినట్టే లెక్క కట్టుకున్నాడు. జబ్బు వచ్చింది, పోయింది. మనిషి దక్కింది. ఇక మునుపటిలా పాడాలి, ఇతను తూయాలి. మనలో చాలామంది కట్టే లెక్క అదే గనక కాటాను ఒక్కణ్ణే తప్పు పట్టలేం.

అక్క పాటకు తిరిగొచ్చింది గాని ఏదో తేడా చేసింది. కబుర్ల మధ్య మాట వెతుక్కునేది. 'ఆ... అదీ... దాంతో ఐసు తోడతామే' అనేది, పార అనే మాట దొరక్క. ఒకరితో మాట్లాడుతుంటే ఇంకొకరు పలకరిస్తే మొదటివాణ్ణి అక్కడే వదిలేసేది. పాట ముగిసేసరికి నీరసపడిపోయి గోడకు ఆనుకునేది. అడిగితే, "నిద్ర లేదురా" అని కొట్టిపారేసేది. కాటా కూడా 'వయసు' అనుకున్నాడు. తరవాత 'పొగరు' అనుకున్నాడు. జబ్బులో అందరూ నెత్తిన పెట్టుకునేసరికి పని మీద శ్రద్ధ పోయిందనుకున్నాడు.

సొరచేప గొడవ జరిగిన రోజే పడవల యజమాని కాటా దగ్గరకు వచ్చాడు. రేవులో సగం పడవలు ఆయనవే. ఎదుటి షెడ్డువాళ్ళు ఆయన కోసం ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నారు.

"చూడు కాటా, మీ అక్కంటే నాకు గౌరవం. నా పడవలు మీ నాన్న పాడుతున్నప్పటి నుంచీ ఇక్కడికే వస్తున్నాయి," అన్నాడాయన. "ఆదివారం నా పెద్ద పడవలన్నీ ఒకేసారి వస్తున్నాయి. సముద్రం ఈసారి దోసిళ్ళతో పోసిందట. ఆ రోజు పాట చెడితే, మర్నాటి నుంచి నా సరుకు ఎదుటి షెడ్డుకే. తరవాత నన్ను అనుకుని లాభం లేదు."

"చెడదన్నా. పూచీ నాది."

"పూచీ నీది. పాట ఆవిడది. అదే నా బెంగ."

కాటా ఆ సాయంత్రం ఈ సంగతి చెబుదామని అక్క ఇంటికి వెళ్ళాడు. బావ సముద్రం మీద ఉన్నాడు. ఆ రాబోయే పడవల్లో ఒకదాని మీదే ఆయన పని. వీధి తలుపు తీసే ఉంది. లోపల గదిలో అద్దం ముందు అక్క నిలబడి ఉంది. కాటా పిలవబోయి ఆగిపోయాడు.

అక్క చెవి తమ్మె పట్టుకుంది. వదిలేసింది. లేని కాలరు సర్దుకుంది. ముక్కు మీద లేని అద్దాలు పైకి తోసింది. నుదురు తుడుచుకుంది. ఆగి, తల విదిలించి, మళ్ళీ చెవి దగ్గర మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు. నాలుగోదో అయిదోదో సైగ దగ్గర చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. అద్దంలో తన ముఖాన్ని చూసుకుంటూ అలాగే ఉండిపోయింది.

కాటా లోపలికి వెళ్ళలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చేశాడు. ఇంటికొచ్చి భార్యతో, "అక్కకు మతి చలించింది. అద్దం ముందు కోతి చేష్టలు చేస్తోంది. నా కళ్ళతో చూశాను," అన్నాడు.

"చూసి?"

"చూసి ఏముంది, వచ్చేశాను."

"లోపలికి వెళ్ళి, 'ఏంటక్కా ఇది' అని అడగలేదా?"

"అడిగితే ఏం చెబుతుంది?"

"అడిగితే గదా తెలిసేది ఏం చెబుతుందో," అంది ఆమె, గిన్నెలు తుడుస్తూ. "చేప కళ్ళు చూసి ఏ పూట పట్టిందో చెబుతారు. తోడబుట్టినదాని కళ్ళు చూడలేకపోయారు. మొన్న వదిన నన్ను పేరు పెట్టి పిలవడానికి ఎంతసేపు తడుముకుందో తెలుసా? నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. నేను చూశానని తెలిస్తే ఆవిడ చచ్చిపోయేలా ఉంది."

కాటాకు ఆ మాటలు చెవికెక్కలేదు. తలలో ఆదివారం ఒక్కటే గిర్రున తిరుగుతోంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి 'మైకు' అనేవాణ్ణి మాట్లాడుకున్నాడు. సర్కస్ వచ్చినప్పుడు ఊరంతా తిరిగి కేకలు పెట్టే మనిషి అతను. గొంతుకు కొదవ లేదు. అప్పుడు అక్క దగ్గరకు వెళ్ళి, చూపు నేల మీద పెట్టుకుని, "ఆదివారం నువ్వు విశ్రాంతి తీసుకో అక్కా. మైకు పాడతాడు," అన్నాడు.

అక్క పోట్లాడుతుందనుకున్నాడు. సిద్ధపడి కూడా వచ్చాడు. ఆవిడ పోట్లాడలేదు. "సరే. వాడికి సైగలు ఎవరు చెబుతారు?" అంది.

"కనుక్కుంటాడులే."

"సరే," అంది మళ్ళీ. "రేపు నాకు ఆస్పత్రిలో చూపించుకోవడం ఉంది. బావ లేడు. ఒక్కదాన్నే బస్సెక్కితే ఎక్కడ దిగాలో..." అని ఆపేసి, "నువ్వొస్తావా?" అంది.

ఎక్కడ దిగాలో అన్న మాటకు కాటా నేల మీది చూపు ఎత్తి అక్కను చూశాడు. ఆ ఆస్పత్రికి వెళ్ళే దారి ఆవిడకు కొత్తేమీ కాదు.

డాక్టరమ్మ గది చిన్నది. కిటికీ పక్కన బరువు చూసే యంత్రం. కాటా అలవాటు కొద్దీ దాని ముల్లు సున్నా మీద ఉందో లేదో చూశాడు. డాక్టరమ్మ రిపోర్టులు చూసి, పరీక్ష చేసి, "అంతా బాగుందమ్మా. ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగింది.

"ఏమీ లేదండీ. బాగానే ఉన్నాను," అంది అక్క చటుక్కున.

కాటా ఉండబట్టలేకపోయాడు. "బాగా లేదండీ. పేర్లు తప్పుతోంది. మాటలు మర్చిపోతోంది. అద్దం ముందు నిలబడి ఏవేవో చేష్టలు చేస్తోంది. పిచ్చి డాక్టరుకు చూపించాలేమో మీరే చెప్పండి."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వెప్పుడు చూశావు?"

"మొన్న సాయంత్రం."

"చూసి పిలవలేదా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "ఆ చేష్టలు ఏమిటో చెప్పండమ్మా. నాకూ తెలియాలి," అంది.

"అవి చేష్టలు కావండీ. మా కొనుగోలుదార్ల సైగలు. మునుపు నాకు అవి ఊపిరితో సమానం. ఇప్పుడు జారిపోతున్నాయి. అందుకని రోజూ ఇంటి దగ్గర బడిపిల్లలా వల్లె వేసుకుంటున్నాను. ఇంటి దగ్గర అన్నీ వస్తాయి. బల్లెక్కాక, అందరూ ఒకేసారి కదులుతుంటే, కళ్ళ ముందు పొగమంచు పట్టినట్టవుతుంది. ధర పట్టుకుంటే మనిషి పోతాడు. మనిషిని పట్టుకుంటే ధర పోతుంది."

"మరి నేను అడిగినప్పుడు బాగానే ఉన్నానన్నారే?" అంది డాక్టరమ్మ.

"ప్రాణం దక్కింది గదండీ. ఇంకా ఏమిటీ సణుగుడు అంటారని." తమ్ముడి వైపు చూడకుండానే అంది. "పిచ్చి అంటారని."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. "ఇది పిచ్చి కాదు. ముసలితనపు మతిమరుపూ కాదు. కీమో తీసుకున్నవాళ్ళలో చాలామంది మీరు చెప్పిన మాటే చెబుతారు. పొగమంచు పట్టినట్టుందనే అంటారు. మాట నోటి చివర ఆగిపోతుంది. రెండు పనులు ఒకేసారి చేస్తే ఒకటి జారిపోతుంది. మందు ఒక్కటే కారణమని మేమూ ఖచ్చితంగా చెప్పలేం. జబ్బు, నిద్ర పట్టకపోవడం, రక్తం తగ్గడం, హార్మోన్ల మార్పు, లోపలి భయం, అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. రక్తం, థైరాయిడ్ ఇవాళే పరీక్ష చేయిద్దాం. వాటిలో ఏదైనా తేడా ఉంటే మందులున్నాయి. ఈ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. మీరు నడుచుకుంటూ నవ్వుతూ వస్తుంటే, అడగడం నాకూ తట్టలేదు."

"తగ్గుతుందాండీ?" అన్నాడు కాటా. బేరంలో చివరి మాట అడిగినట్టు అడిగాడు.

"చాలామందికి నెలలు గడిచే కొద్దీ తేలికపడుతుంది. కొందరికి ఎక్కువ కాలం పడుతుంది. ఈవిడకు ఫలానా రోజుకు తగ్గుతుందని రాసివ్వలేను. ఈలోగా రోజూ నడవాలి, నిద్ర చూసుకోవాలి, గుర్తుండాల్సినవి రాసిపెట్టుకోవాలి. ఒకసారికి ఒకే పని. అలిసిపోకముందే ఆగడం. అమ్మా, మీ పనిలో అన్నిటికంటే కష్టం ఏది?"

"జారిపోయింది మళ్ళీ అడగడానికి వీల్లేదండీ. అదొక్కటే. అడిగే వీలుంటే ఇంత భయం ఉండదు. ఆ భయానికే సగం మర్చిపోతున్నాను."

"ఎందుకు వీల్లేదు?"

అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న వాళ్ళను ఎవరూ అడగలేదు.

తిరుగు బస్సులో కాటా కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. తలలో లెక్క తిరగబడింది. ఐసులో పెట్టిన చేప కూడా దారిలో కొంత తరుగు పోతుంది. ఆ తరుగు వదలకుండా సరుకు తీసుకున్న వ్యాపారిని ఇతను ఎక్కడా చూడలేదు. తనూ ప్రతి ట్రేకీ తరుగు వదిలేవాడే. అంతటి విషం లాంటి మందు ఒంట్లోకి ఎక్కించుకుని, చావు దాకా వెళ్ళి తిరిగొచ్చిన తోడబుట్టినదానికి మాత్రం రవ్వంత తరుగు కూడా వదల్లేదు. మునుపటి తూకమే తూగాలన్నాడు. తూగకపోతే సరుకే చెడిందన్నాడు.

"అక్కా," అన్నాడు. "అద్దం దగ్గర... నేను లోపలికి రావాల్సింది."

"రావాల్సిందే," అంది అక్క. "వస్తే నీ సైగ కూడా చూపించేదాన్ని. బేరం కుదిరితే నువ్వు మీసం నమలడం మానేస్తావు. ఆ సంగతి నీకూ తెలియదు."

కాటా గబుక్కున మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఎన్నాళ్ళకో ఇద్దరూ నవ్వుకున్నారు. దిగాల్సిన చోటు దాటిపోయింది. ఆ రోజు మర్చిపోయింది ఇతను.

ఆదివారం వచ్చింది. వచ్చిందనడం చిన్న మాట. చీకటి విడీ విడకముందే పెద్ద పడవలు బారులు తీరి రేవు మీద పడ్డాయి. ట్రేలకు ట్రేలు రొయ్యలు, మనిషి ఎత్తు సొరచేపలు, తళతళలాడే వెండి చేపలు. నడవడానికి కాలి సందు లేదు. పక్క ఊళ్ళ నుంచి కూడా కొనేవాళ్ళు దిగారు. ఎదుటి షెడ్డువాళ్ళు పని మానుకుని తమాషా చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పడవల యజమాని కుర్చీ వేయించుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. పడవ మీంచి దిగిన బావ తడి బట్టలతోనే ఒక మూల నిలబడ్డాడు.

కాటా బల్లెక్కాడు. ఎప్పుడూ ఎక్కనివాడు ఎక్కేసరికి జనం గోల తగ్గింది.

"ఇవాళ్టి నుంచి మా షెడ్డులో పాటకు ఒక పద్ధతి," అన్నాడు. "అక్కే పాడుతుంది. ఒకసారికి ఒక్క రాశి. పాట నడుస్తుండగా ఎవరూ పక్క నుంచి కబుర్లు వెయ్యకూడదు. ధర ఎక్కడుందో మైకు ఈ నల్లబల్ల మీద పెద్దక్షరాల్లో రాస్తుంటాడు. ఒక్కో పడవ సరుకు అవగానే కాస్త ఆగుతాం. ఇంకొకటి. అక్కకు అనుమానం వస్తే మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ సైగ చెయ్యాలి."

గుమ్మం దగ్గరవాళ్ళు నవ్వారు. పడవల యజమాని కుర్చీలోంచి సగం లేచాడు. "మళ్ళీ అడగడమా? ఈ రేవులో ఉందా అది?"

"లేదన్నా. ఇవాళ పెడుతున్నాం. మా అక్కకు క్యాన్సర్ మందు వల్ల జ్ఞాపకం కాస్త తడబడుతోంది. ఇన్నాళ్ళూ దాచాం. దాచినందువల్లే మొన్న పాట చెడింది. ఇష్టం లేనివాళ్ళు ఎదుటి షెడ్డుకు వెళ్ళొచ్చు. దారి అడ్డం లేదు."

చెప్పి, దిగి, తూకం దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. సగం పడవలు చేతిలోంచి జారిపోయే మాట అది.

పాటక్క బల్లెక్కింది. గొంతు సవరించుకుంది. మొదటి రాశి రొయ్యలు. గొంతు లేచింది. ఆ గొంతు తగ్గలేదు, దాన్ని ఏ మందూ ఏమీ చెయ్యలేకపోయింది. ధర ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే మైకు సుద్దముక్కతో రాస్తున్నాడు. ధర పట్టుకోవాల్సిన పని తప్పేసరికి ఆవిడ కళ్ళు మనుషుల మీదే నిలిచాయి. చెవి తమ్మె కదిలింది, పట్టింది. కాలరు కదిలింది, పట్టింది. మొదటి రాశి సరిగ్గా పోయింది. రెండోది పోయింది. మూడో రాశికి జనం ఊపందుకున్నారు. పాటక్క పరుగెత్తిస్తోంది, వాళ్ళు పరుగెత్తుతున్నారు. కాటా చేతులు తూకం వేస్తూనే ఉన్నాయి, చెవులు మాత్రం బల్ల మీదే ఉన్నాయి.

అప్పుడొచ్చింది ఆ రోజుకు రాజులాంటి సొరచేప. నలుగురు మోసుకొచ్చారు. అందరి కళ్ళూ దాని మీదే. ధర ఎక్కింది, ఎక్కింది, ఇంకా ఎక్కింది. చెవులు, కాలర్లు, అద్దాలు, నుదుళ్ళు, అన్నీ ఒక్కసారే కదిలాయి.

"ఒకటోసారి," అంది పాటక్క. "రెండోసారి..."

ఆగిపోయింది.

కాటా తల ఎత్తి చూశాడు. అక్క కళ్ళలో ఆ చూపు అతనికి తెలుసు, అద్దంలో చూశాడు. పొగమంచు కమ్మింది. ఐసు కరిగి నీటి చుక్కలు నేల మీద పడే చప్పుడు కూడా వినిపిస్తోంది. పాట ఆపమనడానికి పడవల యజమాని చెయ్యి పైకి లేవబోతోంది.

పాటక్క వెన్ను నిటారు చేసుకుంది. "చివర పెంచింది ఎవరో నాకు జారిపోయింది," అంది, పాడే గొంతుతోనే, అందరికీ వినపడేలా. "మరోసారి చూపించండి."

ఎవరూ కదల్లేదు. కట్టుబాటు తప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. గుమ్మంలో ఎవడో ఈల వేశాడు.

అప్పుడు ఐసు ఫ్యాక్టరీ పెద్దాయన, ఆ రేవులో అందరికంటే వయసైనవాడు, నింపాదిగా చెయ్యెత్తి నుదురు తుడుచుకున్నాడు. ఒకసారి చాలదన్నట్టు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"మూడోసారి. ఐసు పెద్దాయనది," అని బల్ల చరిచింది పాటక్క.

"ఆగమ్మా, నాదో మాట," అన్నాడు పెద్దాయన. "మళ్ళీ అడగొచ్చన్న రూలు మీకేనా, మాకూనా?"

"అందరికీ," అన్నాడు కాటా.

"అయితే మీరు చెప్పేది కాస్త గట్టిగా మళ్ళీ చెప్పండి. నాకు ఎడమ చెవి వినపడక చాలా ఏళ్ళయింది. అడిగితే పరువు తక్కువని, తెలిసినట్టే తల ఊపి, వద్దనుకున్న చేపలు ఎన్ని మోసుకెళ్ళానో నాకే తెలుసు. ఇవాళ ఆ నల్లబల్ల మీద చూసి, మొదటిసారి ధర తెలిసి కొన్నాను."

షెడ్డు పగిలిపోయేలా నవ్వింది. ఈసారి నవ్వులో పెద్దాయన గొంతే పెద్దది. ఇంకెవరో కంటి చూపు సంగతి చెప్పారు. టోపీ ముందుకొచ్చి, "అక్కా, నాకు చెమట ఎక్కువ. ఇక నుంచి రుమాలు వాడతాను. దాన్ని సైగ అనుకోకు," అన్నాడు.

"నీ చెమటకు ధర లేదు పో," అంది పాటక్క. మళ్ళీ నవ్వులు.

పాట సాగింది. ఆవిడ ఆ రోజు ఇంకొన్నిసార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ జవాబు తొందరగానే వచ్చింది. అడిగే వీలు ఉందని తెలిశాక అడగాల్సిన అవసరమే తగ్గుతూ వచ్చింది. ఒక్కో పడవకూ ఆగారు, ఆవిడ కూర్చుంది, నీళ్ళు తాగింది, మళ్ళీ లేచింది. చివరి ట్రే ఎత్తేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గుమ్మంలోవాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారో ఎవరూ చూడలేదు.

పడవల యజమాని వెళ్ళబోతూ కాటా దగ్గర ఆగాడు. "రేపటి సరుకూ ఇక్కడికే దింపిస్తాను. నల్లబల్ల ఇంకాస్త పెద్దది పెట్టించు. నాకూ చత్వారం వచ్చింది," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "మా చెల్లెలికీ ఆ మందే ఎక్కించారు. ఇంట్లో అందరం సోమరిపోతంటున్నాం. ఒకసారి మీ డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్తే..." అని సగంలో ఆపేశాడు.

"నేనూ వస్తాను," అన్నాడు కాటా. "కానీ ముందు ఇంటికెళ్ళి ఆవిడనే అడగండన్నా. ఎలా ఉందో అడిగి, చెప్పేదాకా కూర్చోండి. నేను గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి, ఆ తప్పు మీరు చెయ్యకండి. మందు జబ్బుతో పోట్లాడి మనిషిని మనకు తెచ్చిచ్చింది. తెచ్చిచ్చిన మనిషి తడబడి 'మరోసారి చెప్పు' అన్నప్పుడు, నవ్వకుండా, విసుక్కోకుండా మరోసారి చెప్పడం మన వంతు వైద్యం."